కొండ దిగిన కాలు

ఆగస్టు 11, సోమవారం

ఇది రాయకూడదనే అనుకున్నాను. పెన్ను మూత తీసి, మళ్లీ పెట్టి, చాయ్ తాగి, కరెంటు పోతే విసనకర్ర వెతుక్కుని, కరెంటు వచ్చాక ఇంకేం వంక దొరక్క కూర్చున్నాను. ఈ ఇంట్లో నా మాట వినే నాథుడు లేడు. కాగితమైనా వింటుంది. కాగితంలో ఒక సుగుణం ఉంది, మధ్యలో లేచి "అన్నం తింటవా, తినవా" అనదు.

అశ్విని మొన్న లడఖ్ నుంచి వచ్చింది. నా కొడుకు నాగేందర్ బిడ్డ, ఒక్కగానొక్క మనవరాలు. మిద్దె మెట్లు తప్ప ఎత్తు ఎరగని వంశంలో పుట్టి, భువనగిరి గుట్ట మీద తాళ్లు పట్టుకుని వేలాడడం నేర్చి, చివరికి ఆరువేల మీటర్లు దాటిన మంచుకొండ ఎక్కి దిగింది. ఆ కొండ పేరు మూడుసార్లు చెప్పింది. మూడుసార్లూ నా నోట్లోంచి జారిపోయింది.

సంతోషించాల్సిన రోజే. కానీ పాత బస్టాండు దగ్గర ప్రభాకర్ కట్టించిన ఫ్లెక్సీ చూశాను. ప్రభాకర్‌కు రైసు మిల్లుంది, రాజకీయం ఉంది. ఏ పార్టీ అన్నది రాయను, ఈ సిరా ఆరేలోగా మారవచ్చు. ఫ్లెక్సీలో అతని ముఖం చాటంత, మా పిల్ల ముఖం క్యారంబోర్డు బిళ్లంత. వెనకాల కొండ కూడా ఆమె ఎక్కింది కాదట. "నీళ్ల సీస మీద బొమ్మ అది తాతా" అని నవ్వింది.

నవ్వుతూనే ఎడమ పిక్క పట్టుకుంది. రైల్లో రెండు రోజులు కూర్చుని వచ్చింది కదా. నేను చూసి చెప్పేశాను, కొండ నొప్పి, దిగాక నాలుగు రోజులు ఉంటుందని. ఈ విషయం నాకు చెప్పేవాళ్లు ఈ జిల్లాలో లేరు. లారీ తోలే రోజుల్లో లడఖ్ దాకా లోడు వేసుకుపోయినవాణ్ణి. అక్కడ పొద్దున్నే డీజిల్ పేరిన నెయ్యిలా ఉండేది. ట్యాంకు కింద పాత గుడ్డలకు నిప్పు పెట్టి వేడి చేసేవాళ్లం. ట్యాంకు కింద నిప్పు పెట్టి బతికి వచ్చినవాడికి పిక్క నొప్పి ఒక లెక్కా?

"నడువు బిడ్డా, నడిస్తే పోతది" అన్నాను. నడిచింది. కుంటుతూ నడిచింది.

ఆగస్టు 13, బుధవారం

నడిస్తే పోలేదు. ఇక్కడే సూర్యాపేటలో ఒక దవాఖానకు తీసుకుపోయాం, నేనూ నాగేందరూ. కుర్ర డాక్టరు. మెడలో గొట్టం కొత్తది, తళతళలాడుతోంది. కాలు చూశాడు, పాదం పైకి వంచి చూశాడు.

"ఏమన్నా మాత్రలు వాడుతున్నవా అమ్మా?"

"లేదు సార్" అంది అశ్విని, గోడ మీద క్యాలెండర్ చూస్తూ.

అప్పుడు ఆ కుర్రాడు మా వంక తిరిగి, "పెద్దవాళ్లు కొంచెం బయట కూర్చుంటారా?" అన్నాడు.

నాకు ఎక్కడ కాలాలో అక్కడ కాలింది. కుర్చీ ఇంకాస్త ముందుకు జరుపుకున్నాను. "ఈ పిల్లను ఎత్తుకొని తిప్పిన చేతులయ్యా ఇవి. మాకు తెల్వని ముచ్చట దాని కాడ ఏముంటది? అడుగు. మా ముంగటనే అడుగు."

నాగేందర్ గొంతు సవరించుకున్నాడు. అశ్విని క్యాలెండర్‌లోంచి కళ్లు తీయలేదు. డాక్టరు చిట్టీ ముందుకు లాక్కుని, కండరం పట్టిందేమో, తగ్గకపోతే మళ్లీ రమ్మని చెప్పి, పూతమందూ పట్టీ రాశాడు.

చదువుకున్నవాళ్లతో కొంచెం గట్టిగా మాట్లాడితే దారికొస్తారు. చెక్‌పోస్టుల దగ్గర నేర్చుకున్న విద్య ఇది. ఎన్ని చెక్‌పోస్టులు! ఒకసారి ఒక ఇన్‌స్పెక్టరు నా బండిలో ఉల్లిగడ్డల కింద ఏముందని అడిగితే ఉల్లిగడ్డలే ఉన్నాయన్నాను. బస్తాలన్నీ దింపించాడు. కింద ఉల్లిగడ్డలే ఉన్నాయి. నిజం చెప్పినా నమ్మకపోవడం వాళ్ల ఉద్యోగం.

ఆగస్టు 14

నొప్పి ఉందా అంటే లేదంది. లేదంటే లేనట్టే.

ఆగస్టు 15, శుక్రవారం

స్వతంత్రం వచ్చింది ప్రభాకర్‌కు ఒక్కడికే.

కోదాడలో జెండా ఎగరేసి, అక్కణ్ణుంచి సూర్యాపేట దాకా ఊరేగింపు పెట్టాడు. కోదాడ మా కోడలు చంద్రకళ పుట్టిల్లు. వాళ్లవాళ్లూ ఒక దండ వేస్తామన్నారట, అందుకని అక్కడ మొదలు. పైకప్పు లేని జీపులో మా పిల్లను నిలబెట్టి, ఒక చేతికి జెండా, ఇంకో చేతికి ప్రభాకర్ భుజం ఇచ్చారు. హైవే మీద అంత దూరం ఎండలో నిలబడే వచ్చింది. ప్రతి ఊరి బస్సు స్టేజీ దగ్గరా ఆపడం, శాలువా కప్పడం. ఆగస్టులో శాలువాలు! మంచుకొండ మీద కప్పినా పుణ్యం దక్కేది.

మధ్యలో వెనక సీట్లోంచి నేను నీళ్ల సీసా అందిస్తే తల అడ్డంగా ఊపింది.

"తాగు బిడ్డా, నోరెండుతది" అన్నాను.

"వద్దు తాతా. తాగితే మళ్ల యాడ దిగాలె?"

ఇంత మంది ఉన్నారు, ఎక్కడ ఆపమంటే అక్కడ ఆపరా? ఏం మాటో నాకు అర్థం కాలేదు. కుడి కాలి మీదే బరువు వేసి, కొంగలా నిలబడింది దారి పొడుగునా. ఫోటోల్లో అది వీరవనిత ఠీవిలా వచ్చింది.

ప్రభాకర్ ఉపన్యాసం: "మన అశ్విని మంచుకొండ ఎక్కింది. మనమందరం అభివృద్ధి అనే కొండ ఎక్కాలె." ఎక్కు నాయనా. ఎక్కి అక్కడే ఉండు.

ఆగస్టు 16, శనివారం

కాలు వాచింది. ఎడమ పిక్క కుడిదాని కన్నా బాగా లావుగా, బిగుసుకుని, ముట్టుకుంటే వెచ్చగా ఉంది.

చంద్రకళ పొద్దున్నే వచ్చి నిలబడింది. కోదాడవాళ్లకు మర్యాద ఎక్కువ, తిట్టినా 'అండీ' చేర్చి తిడతారు. "మామయ్యా, వాపు నాకేం మంచిగా అనిపించట్లేదండీ. ఇంకో డాక్టరుకు చూపిద్దాం."

"రేపు బోనం పెట్టుకుని ఇయ్యాల దవాఖానల పొంటి తిరుగుతమా?"

రేపు వేములపల్లి పక్కన నా భార్య కాటమ్మ పుట్టిన ఊళ్లో ముత్యాలమ్మకు బోనం. మనవరాలు క్షేమంగా కొండ దిగితే దాని నెత్తి మీదే బోనం ఎత్తిస్తానని కాటమ్మ మొక్కింది. నా భార్య మొక్కుకుంటే దేవుడు కూడా వాయిదా అడగడు.

కాటమ్మ ఆముదం వెచ్చబెట్టి పిక్కను పిసికింది. పిల్ల దిండు కొరుక్కుంది. "నరం పట్టింది, ఇడుస్తది" అంది కాటమ్మ. దాని చేతిలో బలం లేదని చివరికి నేనే కూర్చుని పిసికాను. తర్వాత డాక్టరిచ్చిన పట్టీని నా చేత్తో కట్టాను. టార్పాలిన్‌కు తాడు బిగించిన చేతులు. కట్టు అంటే కట్టే.

మధ్యాహ్నం వంటింట్లోకి పోతే కాటమ్మా అశ్వినీ గుసగుసలాడుతున్నారు. నన్ను చూసి టక్కున ఆపారు. కాటమ్మ ఏదో పేపరు పొట్లం బొడ్లో దోపుకుంది. ఆడవాళ్ల గుసగుసలు నాకెందుకు? బయటికి వచ్చి టీవీ సౌండు పెంచాను.

ఆగస్టు 18, సోమవారం. మిర్యాలగూడ, దవాఖాన

నిన్న రాయలేదు. ఇప్పుడు వరండా బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. కోపంతోనే.

ముత్యాలమ్మ గుడి కాలవ కట్ట మీద ఉంటుంది. గుడి అంటే గుడి కాదు, నలుగురు నిలబడితే అయిదోవాడు కాలవలో ఉండాలి. చుట్టూ అప్పుడే నాటు వేసిన పొలాలు. డప్పులు, వేపమండలు, పసుపు. అశ్విని చీర కట్టుకుని, బోనం ఎత్తుకుని, దీపం ఆరకుండా నడిచింది. చీర కింద నా కట్టు. ప్రభాకర్ కూడా వచ్చాడు, ఫోటోలవాణ్ణి వెంటేసుకుని. మొక్కు మాది, ఫోటో అతనిది.

గుడి చుట్టూ ఒక చుట్టు తిరిగింది. రెండో చుట్టులో ఆగిపోయింది. నోరు తెరుచుకుంది. రొమ్ము ఎగసెగసి పడుతోంది. ఒళ్లంతా చెమట. ఊగింది. ఎవరో బోనం అందుకున్నారు.

"అమ్మొచ్చింది! పిల్లకు శిగమొచ్చింది!" అని ఒక ముసలామె కేక పెట్టింది.

అంతే. డప్పులు రెట్టింపయ్యాయి. బిందెడు పసుపునీళ్లు నెత్తి మీద కుమ్మరించారు. వేపమండలతో భుజాల మీద కొట్టారు. జనం గుండ్రంగా మూగారు. ఊరి పెద్ద ఒకాయన, కాటమ్మకు వరసకు అన్న, చేతులు జోడించి ముందుకు వచ్చాడు.

"ఏం గావాలె తల్లీ? మేం ఏం తక్కువ జేసినం?"

"గాలి..." అంది అశ్విని. "గాలాడ్తలేదు..."

ఆయన జనం వైపు తిరిగాడు. "ఇన్నరా? గుడి ఇరుకైందంటుంది అమ్మ! గాలాడ్తలేదంటుంది!"

"కట్టిస్త తల్లీ!" అని ప్రభాకర్ దూకాడు. అరచేతిలో కర్పూరం వెలిగించుకున్నాడు కూడా. "పెద్దగ కట్టిస్త! స్లాబు ఏపిస్త!" జనం జేజేలు కొట్టారు. ఫోటోలవాడు చెప్పుల్తోనే గద్దె ఎక్కాడు. ఊపిరాడని పిల్ల ముందు నిలబడి స్లాబు వేయిస్తానన్నాడు ఆ మనిషి. నా ఒళ్లు ఇప్పుడు మండుతోంది. అప్పుడు మండలేదు. అప్పుడు నేను కూడా చేతులు జోడించాను. కళ్లు మూసుకున్నాను కూడా.

పంచె ఎవరో లాగితే తెరిచాను. కింద కూలబడి ఉంది. పెదవులు నేరేడు పండు తిన్నట్టున్నాయి.

"తాతా... అమ్మ కాదు. నేనే."

తర్వాత ఎవరిని తోశానో, ఎవరిని కొట్టానో సరిగ్గా తెలియదు. ఒక డప్పు చినిగిందన్నారు. కాటమ్మ అడ్డం వచ్చి "అమ్మ మీదున్నప్పుడు ముట్టొద్దయ్యా, పాపం తగుల్తది" అంటే, యాభై ఏళ్ల కాపురంలో ఎన్నడూ తోయనిదాన్ని పక్కకు తోశాను. నాగేందరూ నేనూ పిల్లను పూలదండలతో సహా ప్రభాకర్ జీపులో పడేశాం. డ్రైవరు "సారుకు చెప్పొస్త" అన్నాడు. వాణ్ణి దింపేసి స్టీరింగు నేనే పట్టుకున్నాను. మిర్యాలగూడ ఎంతో దూరం కాదు. నిన్న చాలా దూరం ఉంది.

ఇక్కడ డాక్టరు ఒక పెద్దావిడ, సత్యవతి అని. కళ్లద్దాలు తాడుతో మెడలో వేలాడతాయి. ఆక్సిజన్ పెట్టించింది. నా కట్టు కత్తిరించి తీసేసింది. కాలు చూసి, పిల్ల ముఖం చూసి, "మగవాళ్లంతా బయటికి" అంది.

"నేను కదల" అన్నాను. "అది నా మనవరాలు. నా ముంగటనే..."

"తాతా," అంది ఆమె, చేతిలో పని ఆపకుండానే, "నీకు పంతం కావాల్నా, పిల్ల కావాల్నా?"

ఎంత మాట! నాగేందర్ నా రెక్క పట్టుకున్నాడు. ముప్పై ఏళ్లు మేళ్లచెరువు సిమెంటు దుమ్ములో బతికినవాడు, నా ముందు గొంతెత్తని వాడు, "నడువు నాయినా!" అని అరిచాడు. నేను బయటికి పోలేదు. లాగబడ్డాను.

తలుపు మూసుకుంది. కాసేపటికి చంద్రకళ ఏడుస్తూ బయటికి వచ్చి, మందు ఇంజక్షన్ తేవాలని నాగేందర్‌ను పరిగెత్తించింది. లోపల ఏం మాట్లాడుకున్నారో నాకెవ్వరూ చెప్పలేదు.

ఆగస్టు 19, మంగళవారం

ఈ రోజు చెప్పారు.

కాలి లోపలి నరంలో రక్తం గడ్డకట్టింది. అందులో ఒక ముక్క తెగి, పైకి ప్రయాణం చేసి, ఊపిరితిత్తుల్లో ఇరుక్కుంది. స్కానింగులో కనిపించింది. ఇంకా పెద్ద ముక్క అయితే పిల్ల గుడి దగ్గరే అయిపోయేదట.

డాక్టరమ్మ వరండాలో నిలబడి, నాగేందర్‌కూ నాకూ వివరంగా చెప్పింది. అంత ఎత్తులో గాలి పలచన. ఉన్న గాలిని పట్టుకోవడానికి ఒంట్లో ఎర్రకణాలు పెరుగుతాయి. పొడిగాలికి ఒంట్లో నీరు ఇంకిపోతుంది. తుఫాను వస్తే గుడారంలో కాళ్లు ముడుచుకుని పడి ఉండాలి. రక్తం చిక్కబడుతుంది, నిలవ ఉంటుంది. దాని మీద రెండు రోజుల రైలు కూర్చోవడం.

"అంటే చలికి డీజిల్ పేరుకున్నట్టు" అన్నాను.

"చలికి కాదు. అయినా మీ లెక్కల అట్లనే అనుకోండి. కానీ మంట మాత్రం పెట్టకండి" అంది. నవ్వలేదు. "వాచిన పిక్కను ఎవరు పిసికిన్రు?"

కాటమ్మ పిసికిందని చెప్పాను. ఎవరు పిసికినా ఒకటే కదా.

"ఇగ కొండెక్కే వాళ్లందరికి ఇట్ల కాదు," అంది. "ఈ పిల్లకు ఇంకోటి తోడైంది." అని ఆగి, నాగేందర్‌ను చూసి, నన్ను చూసి, దాపరికం లేకుండా చెప్పేసింది. నెలసరి వాయిదా పడడానికి మాత్రలు వాడింది. కొండ మీద ఇబ్బంది అవుతుందని ముందే మొదలుపెట్టింది. వచ్చాక ఆపుదామనుకుంటే, బోనానికి అడ్డం కాకూడదని నానమ్మ మళ్లీ తెచ్చి ఇచ్చింది. ఆ మాత్రలు కొందరిలో రక్తం గడ్డకట్టే గుణాన్ని పెంచుతాయట.

పేపరు పొట్లం.

కాటమ్మ బెంచీ మీద కూర్చుని ఉంది. రెండు రోజులుగా పచ్చినీళ్లు ముట్టలేదు. అయినా నాకు ఆగలేదు. "నా ఇంట్ల, నాకు తెల్వకుంట, పిల్లకు మందులు మింగిస్తవా?" అని వరండా దద్దరిల్లేలా అరిచాను.

కాటమ్మ తల ఎత్తింది. "నీకు చెప్పాల్నా? ఇంట్ల ఆ మాట ఎత్తితే సాలు, ఎనకట రేడియో సౌండు పెంచెటోనివి, ఇప్పుడు టీవీ సౌండు పెంచుతవు. నీ బిడ్డ పెద్దమనిషైన నాడు లారీ ఏసుకొని ఎటో పోయినవు, గుర్తుందా? నీకు చెప్పాల్నంట!"

పక్క మంచాలవాళ్లు చూస్తున్నారు. నేను చాయ్ తాగడానికి పోయాను. చాయ్ బాగాలేదు.

అసలు తప్పు ఆ సూర్యాపేట కుర్ర డాక్టరుది. మాత్రలేమన్నా వాడుతున్నావా అని ఒక్క మాట అడిగి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. అడగలేదు.

ఆగస్టు 20, బుధవారం

బట్టల కోసం సూర్యాపేట పోయి, మందుల షాపు రాకేష్ మీద పడ్డాను. చిట్టీ లేకుండా ఆ మాత్రలు ఎలా ఇచ్చావన్నాను.

"జర మెల్లగ తాతా. శ్రావణమాసం ఇది. నోములు, బోనాలు, గృహప్రవేశాలు. ఆడోళ్లు వచ్చి నోరు తెరిచి గూడ అడగరు, సైగ జేస్తరు. మేం పేపర్ల సుట్టి ఇస్తం. ఎవ్వలు అడిగిన్రు, ఎవ్వలు చెప్పిన్రు? మగోళ్లు ఒక్కలన్న ఇదేందని అడిగిన్రా ఇన్నేండ్ల సంది?"

"సచ్చేటిదిరా పిల్ల!"

రాకేష్ కౌంటరు మీది పేపరు ముక్కలు కిందికి నెట్టాడు. షాపులో నా వెనక ఒక అమ్మాయి నిలబడి ఉంది. ఏమీ కొనకుండా వెళ్లిపోయింది. నేను అరిచినందుకు సిగ్గుపడి పోయిందో, భయపడి పోయిందో. ఇంకో షాపుకు పోయి ఉంటుంది.

రోజూ పేపరు అక్షరం వదలకుండా చదువుతానని నాకు గర్వం. ఆ పేపర్లలోనే చుట్టి ఇస్తున్నారు.

ఆగస్టు 21

ప్రభాకర్ పండ్లతో వచ్చాడు. ఫోటోలవాడు కూడా.

"మామా, గుడి పనికి శుక్రవారం ముగ్గు పోస్తున్నం."

"అది అమ్మ కాదు ప్రభాకర్. మా పిల్ల. ఊపిరాడక అన్నది."

"నాకు తెల్వదా మామా?" అని గొంతు తగ్గించాడు. "కానీ ఊరంత అమ్మే అంటుంది. ముంగట ఎలక్షన్లున్నయ్. ఇప్పుడు కాదంటె ఎట్ల?"

ఆపిల్ పండు ఒకటి విసిరాను. తగల్లేదు. చూపు తగ్గింది.

ఆగస్టు 22, శుక్రవారం

పిల్ల ఈ రోజు లేచి కూర్చుంది. ఆక్సిజన్ తీసేశారు. పెదవులకు రంగు వచ్చింది. చంద్రకళ ఇంటికి పోయింది, నేనొక్కణ్ణే ఉన్నాను.

కొండ మీద సంగతులు చెప్పింది. శిఖరం కింద గుడారంలో తుఫానుకు చిక్కుకున్నారట. ముగ్గురు మగపిల్లలు, తను. "నీళ్లు తాగితే రాత్రి బయటికి పోవాలె తాతా. బయట మంచు. లోపల అందరు. తాగకుంటే పోయే పని ఉండదని తాగలే."

జీపు మీద నీళ్ల సీసా వద్దన్న మాట ఇప్పుడు అర్థమైంది. కాటమ్మ కూడా అంతే. పుట్టింటికి బస్సెక్కే రోజు పొద్దుటి నుంచి నీళ్లు ముట్టదు. ఉపవాసం అనుకునేవాణ్ణి. జీవితమంతా రోడ్డు మీదే బతికాను. ఎక్కడ కావాలంటే అక్కడ బండి పక్కకు ఆపి చెట్టు చూసుకున్నాను. రోడ్డు ఆడవాళ్లకు ఇంకో రకంగా ఉంటుందని నాకు ఏ మైలురాయీ చెప్పలేదు.

కోపం పట్టలేక అన్నాను: "నువ్వు ఇంటికి వచ్చినంక ఆ సూర్యాపేట డాక్టర్‌ను కాలర్ పట్టుకొని అడుగుత. ఒక్క ముక్క అడగకపోయె."

అశ్విని నా వైపు చూడలేదు. ఇక్కడా గోడకు క్యాలెండర్ ఉంది.

"పోకు తాతా. అడిగిండు."

"ఎప్పుడు?"

"అడిగిండు. నిన్ను బయట కూసొమ్మని గూడ అన్నడు. నువ్వు కుర్చీ ముంగటికి జరుపుకున్నవు."

మందుల మత్తులో ఉంది పిల్ల.

ఆగస్టు 23

పదమూడో తారీకున రాసింది చదివాను.

ఆగస్టు 27, బుధవారం

ఇంటికి వచ్చాం. నెలల తరబడి రక్తం పలచబడే మాత్రలు వేసుకోవాలి. దెబ్బ తగలకుండా చూసుకోవాలి. డాక్టరమ్మ చెప్పకుండా కొండ పేరు ఎత్తకూడదు.

అశ్విని అప్పుడే ఎత్తింది. "వచ్చే ఏడాది కాకుంటే ఆపై ఏడాది. నీళ్లు తాగుత. ఆ మాత్రలు ఏసుకోను. నెలసరి వస్తే వస్తది, కొండ ఏమన్న మైలపడ్తదా?"

"మైలపడ్తది" అంది కాటమ్మ అలవాటుగా. తర్వాత నాలుక కరుచుకుని, పిల్ల పళ్లెంలో ఇంకో రొట్టె వేసింది. ఆ రోజు నేను తోసినప్పుడు గాజు పగిలి కాటమ్మ మణికట్టు మీద గీరుకుంది. ఇంకా కనిపిస్తోంది. రాత్రి పసుపు నూరి గిన్నెలో పెట్టి దాని పక్కన పెట్టాను. "ఇదేంది, కూరలకా?" అంది.

పాత బస్టాండు ఫ్లెక్సీ గాలికి చినిగింది. పిల్ల ముఖమున్న వైపు పోయింది. ప్రభాకర్ మిగిలాడు.

సెప్టెంబరు 14

ముత్యాలమ్మ గుడికి స్లాబు వేశారట. లోపల ఫ్యాను కూడా పెట్టారట. నేను పోలేదు.

నవంబరు 19, బుధవారం

మిర్యాలగూడలో చూపించే రోజు. నాగేందర్‌కు షిఫ్టు ఉంది. నేను, చంద్రకళ, అశ్విని బస్సులో పోయాం. ఎక్కే ముందు సీసాలో నీళ్లు పట్టుకున్నాను. దారిలో అశ్విని సగం తాగింది. నార్కట్‌పల్లి రోడ్డు మీద ఒక హోటల్ దగ్గర బస్సు ఆపమని డ్రైవరును అడిగితే, "టైమైతది పెద్దాయనా" అన్నాడు. నేనూ డ్రైవరునే అన్నాను. వినలేదు. గేరు రాడ్ మీద చెయ్యి పెట్టి నిలబడ్డాను. బస్సంతా నన్ను తిట్టింది. ఆపాడు. ఇద్దరు దిగుతారనుకున్నాను. వెనక సీట్లలోంచి ఆరుగురు ఆడవాళ్లు దిగారు.

దవాఖానలో మా పేరు పిలిచారు. లోపలికి పోయాం. సత్యవతమ్మ కాగితాలు చూస్తోంది, ఇంకా తల ఎత్తలేదు. అశ్విని స్టూలు మీద కూర్చుంది. నేను బయటికి వచ్చి తలుపు దగ్గరికి వేశాను.

నా చెప్పుల్లో ఒకటి కనిపించలేదు. ఎవరో బెంచీ కిందికి తన్నారు. వంగి తీసుకుని, తొడుక్కుని కూర్చున్నాను.